పిల్లల బండీ, రిక్షా బండీ

పోయిన నెల మా టీమ్‌లో ఒకడు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వస్తూ అందరికీ చాక్లెట్లు, నాకు మాత్రం ఒక పాత పుస్తకం తెచ్చాడు. "ఇలాంటి చెత్త నీకు ఇష్టం కదరా" అని నా కీబోర్డు మీద పడేసి స్టాండప్‌కి వెళ్ళిపోయాడు. పేరు స్కల్ కామిక్స్. అట్ట మీద కుళ్ళిన శవం, లోపల ఇంకా కుళ్ళిన శవాలు. ఇలాంటి కామిక్స్ స్పెల్లింగులో చాలాసార్లు చివర ఎక్స్ ఉంటుంది, అది అచ్చుతప్పు కాదు. మేం దుకాణాల్లో అమ్మే రకం కాదు అని చెప్పడానికి వాళ్ళు కావాలని పెట్టుకున్నది.

ఆ రాత్రి దాన్ని పూర్తి చేశాక నాకో సందేహం వచ్చింది. ఇలాంటిది తెలుగులో ఉందా? దెయ్యాలకైతే మనకి లోటు లేదు. చందమామ భేతాళుణ్ణి శంకర్ గారి బొమ్మలో చూస్తూనే పెరిగాం. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళలో మాంత్రికులు, రాక్షసులు బోలెడు. తర్వాత యండమూరి తులసిదళం చదివి మా అమ్మ తరం వాళ్ళు రాత్రిళ్ళు లైటు తీయలేదట. కానీ ఇవన్నీ పెద్ద పత్రికల్లో దర్జాగా వచ్చినవి. ఎవరి అనుమతీ లేకుండా, ఎవరికీ నచ్చకపోయినా పర్లేదని, సొంతంగా అచ్చేసుకుని వీధిలోకి తెచ్చిన భయం తెలుగులో ఏది?

ఉంది. బొమ్మల్లో కాదు, కవిత్వంలో. అదీ అమెరికా వాళ్ళకంటే మూడేళ్ళ ముందు, మన హైదరాబాద్‌లోనే.

ముందు వాళ్ళ కథ కొంచెం చెప్పాలి. 1950ల మొదట్లో అమెరికాలో ఈసీ అనే కంపెనీ టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్ లాంటి భయానక కామిక్స్ లక్షల్లో అమ్మేది. పిల్లలు చెడిపోతున్నారని ఫ్రెడ్రిక్ వెర్తామ్ అనే మానసిక వైద్యుడు 1954లో పుస్తకం రాశాడు. అదే ఏడాది సెనేట్ విచారణ. దెబ్బకి ప్రచురణకర్తలు భయపడి తమకి తామే ఒక కోడ్ రాసుకున్నారు. పేరులో హారర్, టెర్రర్ అనే మాటలే వాడకూడదు. రక్తపిశాచాలు, నడిచే శవాలు నిషిద్ధం. చెడ్డవాడు చివర్లో ఓడిపోయి తీరాలి. (మా కోడ్ రివ్యూలు నయం అనిపించింది :))

ఆ కోడ్ కింద పెరిగిన పిల్లలే పెద్దయ్యాక పగ తీర్చుకున్నారు. 1968 ఫిబ్రవరిలో రాబర్ట్ క్రంబ్ తన జాప్ కామిక్స్ మొదటి సంచిక అచ్చేయించి, శాన్‌ఫ్రాన్సిస్కో హెయిట్ వీధిలో పిల్లల్ని తిప్పే తోపుడు బండిలో పెట్టుకుని భార్యతో కలిసి అమ్మాడు. ఆ తర్వాత రోరీ హేస్ బోగీమ్యాన్, 1970లో స్కల్, అదే ఏడాది స్లో డెత్ వచ్చాయి. స్లో డెత్ గురించి ఒక్క మాట. అది పర్యావరణం మీద హారర్ కామిక్! బర్కిలీలో ఒక పర్యావరణ కేంద్రానికి డబ్బులు పోగేద్దామని రాన్ టర్నర్ మొదలుపెట్టాడు. అందులో రాక్షసుడంటే మనిషే. వియత్నాంలో రోజూ శవాలు పడుతున్న రోజుల్లో, పిల్లల్ని చెడగొట్టేది బొమ్మలో ఉన్న శవమా అన్నది వాళ్ళ ప్రశ్న.

ఇక మన సంగతి. 1965 మే నెలలో, ఒక అర్ధరాత్రి, హైదరాబాద్‌లో ఒక కవితా సంపుటి విడుదలైంది. విడుదల చేసింది మంత్రి కాదు, వైస్ ఛాన్సలర్ కాదు. నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. రాసింది ఆరుగురు. అందరూ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు వదిలేసి కొత్తవి పెట్టుకున్నారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. గుంపు పేరు దిగంబర కవులు. ఈ పేర్లు ఒకసారి గట్టిగా చదవండి. కవి సమ్మేళనం పిలుపులా ఉందా, శ్మశానంలో హాజరు పట్టీలా ఉందా? యాదవరెడ్డి, భాస్కరరెడ్డి, రాఘవాచారి అనే పేర్లలో ఉన్న కులం కొత్త పేర్లలో లేదు. ఇది చిన్న విషయం కాదు. మా ఆఫీసులో ఇప్పటికీ కొత్తవాడు చేరితే ఇంటిపేరు ఏంటని ఎంత తియ్యగా అడుగుతారో మీకూ తెలుసు.

ఆరుగురికీ వయసెంతనుకున్నారు? చెరబండరాజుకి 21. నిఖిలేశ్వర్‌కి 26. నాకు 28, నేనింకా అప్రైజల్ మెయిల్ కోసం చూస్తున్నాను. చెరబండరాజుది ఘట్‌కేసర్ దగ్గర అంకుశాపురం. పోచారం క్యాంపస్‌లో పని చేసేవాళ్ళు రోజూ ఆ దరిదాపుల్లోంచే బస్సులో నిద్రపోతూ వెళ్తుంటారు.

వాళ్ళు తమవి కవితలు అనలేదు, 'దిక్'లు అన్నారు. సంవత్సరానికీ, రుతువులకీ, వారాలకీ సొంత పేర్లు పెట్టుకున్నారు. నేను ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మూడు సంపుటాలూ కలిపి వేసిన పుస్తకం కొని చదివాను. చాలా చోట్ల కడుపులో తిప్పింది. శవాలు, చీము, నెత్తురు, పుచ్చిపోయిన దేహాలు. స్కల్ కామిక్స్‌లో గ్రెగ్ అయన్స్ గీసిన పేజీలకీ వీటికీ తేడా ఏంటంటే ఇక్కడ శవం కథలోది కాదు, శవం అంటే దేశం. చైనా యుద్ధంలో ఓటమి అయింది, నెహ్రూ పోయారు, తిండిగింజల కరువు మొదలైంది, సాహిత్య సభల్లో మాత్రం శాలువలు కప్పడం ఆగలేదు. ఆ శాలువల్ని పీకెయ్యడమే వీళ్ళ ఉద్దేశం.

అమెరికా నుంచి కాపీ కొట్టారా? పాత విమర్శే ఇది. గిన్స్‌బర్గ్ 1962, 63లలో కాశీలో, కలకత్తాలో ఉన్నాడు. బెంగాల్‌లో 1961 నుంచే హంగ్రీ కవులు ఉన్నారు. వాళ్ళలో మలయ్ రాయ్ చౌధురికి ఒక కవిత మీద అశ్లీలం కేసులో 1965 డిసెంబర్‌లో 200 రూపాయల జరిమానా పడింది, 1967లో హైకోర్టు కొట్టేసింది. గాలి అన్ని చోట్లా ఒకటే. కానీ క్రంబ్ పిల్లల బండి తోస్తున్నది 1968లో, పాండు పుస్తకం పట్టుకున్నది 1965లో. తేదీలు చూసి మాట్లాడుకుందాం.

మరి మనవాళ్ళు బొమ్మలు ఎందుకు వేయలేదు? నా ఇంజనీరు బుర్రకి తోచిన కారణం సాదాసీదాది. ఖర్చు. అమెరికాలో అప్పటికి చిన్న ఆఫ్‌సెట్ మెషిన్లు వచ్చేశాయి, కాగితం మీద ఏది గీస్తే అది అచ్చవుతుంది. మన చిన్న ప్రెస్సుల్లో కంపోజిటర్ సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చాలి. బొమ్మ కావాలంటే దానికి వేరే బ్లాకు చేయించాలి, ప్రతి బొమ్మకీ డబ్బులు. స్కూలు టీచరు జీతంలో ముప్పై పేజీల కామిక్ అయ్యే పని కాదు. అక్షరాలైతే ప్రెస్సులో ఎలాగూ ఉన్నాయి. అందుకే మన భయానక బొమ్మలన్నీ మాటల్లోనే గీశారని నా థియరీ. తప్పయితే దిద్దండి.

రెండో సంపుటి 1966 డిసెంబర్‌లో విజయవాడలో వచ్చింది. విడుదల చేసింది జంగాల చిట్టి, హోటల్లో పని చేసే కుర్రాడు. అంతకు నెల ముందే విశాఖ ఉక్కు ఆందోళన మీద కాల్పులు జరిగాయి. మూడోది 1968 సెప్టెంబర్‌లో విశాఖపట్నంలో, ఒక బిచ్చగత్తె చేతుల మీదుగా. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం చేశాడని కట్టేసి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. స్కల్ కామిక్స్ రాయడానికి అమెరికావాడు రాత్రంతా కూర్చుని ఊహించాలి. మనకి దినపత్రిక చాలు.

ఇప్పుడు నాకు ఇబ్బందిగా ఉన్న సంగతి. ఈ కవులు వ్యవస్థ దిగజారిందని చెప్పాలంటే చాలాసార్లు వాడిన ఉపమానం ఆడదాని శరీరం. వేశ్య, బలాత్కారం, గర్భం... ఇవే. ఆరుగురూ మగవాళ్ళే. అమెరికా అండర్‌గ్రౌండ్ కామిక్స్‌ది కూడా ఇదే జబ్బు, క్రంబ్‌ది మరీనూ. కాకపోతే అక్కడ ట్రీనా రాబిన్స్ వగైరా అమ్మాయిలు 1970లోనే సొంత కామిక్ తీసి, 1972లో విమెన్స్ కామిక్స్ మొదలెట్టి మొహం మీదే జవాబిచ్చారు. ఇక్కడ స్త్రీవాద కవులంతా ఒక్కచోట కనిపించిన నీలిమేఘాలు సంకలనం రావడానికి 1993 దాకా పట్టింది. దిగంబర కవుల్ని పొగిడేవాళ్ళు ఈ ముక్క దగ్గర "ఆ కాలం అలాంటిది" అని దాటేస్తారు. కాలం కాదండీ, రాసినవాళ్ళే అలాంటివాళ్ళు. పొగడ్తతో పాటు అదీ చెప్పాలి.

రెండు గుంపులూ ఆగిపోయిన తీరు కూడా చూడండి. 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఏది అశ్లీలమో నిర్ణయించేటప్పుడు స్థానిక సమాజపు ప్రమాణాలు చూడొచ్చంది. ఈ కామిక్స్ అమ్మే చిన్న కొట్లు భయపడి వాటిని తీసేశాయి. రోరీ హేస్ మత్తుమందు ఎక్కువై 1983లో పోయాడు. క్రంబ్ బతికిపోయాడు, 2017లో అతని ఒక్క అట్టబొమ్మ వేలంలో 7 లక్షల డాలర్లు దాటింది.

మనవాళ్ళని అశ్లీలం ఆపలేదు. వాళ్ళే ఆపేశారు. శ్రీకాకుళం మొదలయ్యాక తిట్టి ఊరుకుంటే సరిపోదనిపించింది. 1970 జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడితే నలుగురు అందులోకి వెళ్ళారు, మహాస్వప్న, భైరవయ్య వెళ్ళలేదు. 1971లో చెరబండరాజు, నిఖిలేశ్వర్, జ్వాలాముఖిలని ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టారు, హైకోర్టు విడిపించింది. చెరబండరాజుని 1974లో సికింద్రాబాద్ కుట్రకేసులో ఇరికించారు. టీచరు ఉద్యోగం పోయింది. మెదడులో కణితితో 1982 జూలై 2న చనిపోయాడు, 38 ఏళ్ళకి. నిఖిలేశ్వర్ గారి అగ్నిశ్వాసకి 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంటే శాలువ చివరికి వచ్చింది. నాకైతే అందులో తప్పేం కనబడలేదు, పెద్దాయన దానికోసం రాయలేదు కదా.

నాకు మాత్రం ఆరుగురికంటే పాండు మీదే ధ్యాస పోతోంది. సాహిత్య చరిత్రల్లో అతను ఒక వాక్యం. పేరు, వృత్తి, అంతే. ఆ వాక్యం కోసం అతన్ని వాడుకున్నారా, లేక నిజంగానే నీదే ఈ పుస్తకం అన్నారా? ఎవరూ కప్పని శాలువ కప్పారు అని ఒకసారి అనిపిస్తుంది. పుస్తకానికి అలంకారంగా నిలబెట్టారు అని ఇంకోసారి అనిపిస్తుంది. ఆ రెండోమాట అనే అర్హత నాకుందా అన్నది వేరే సంగతి. ఎందుకంటే...

రెండేళ్ళ క్రితం ఉగాదికి మా కంపెనీలో తెలుగువాళ్ళం కలిసి ఒక చిన్న పత్రిక వేశాం. నలభై పేజీలు. ఎవరి చేత రిలీజ్ చేయిద్దాం అని మీటింగ్. నేను మా ఫ్లోర్ హౌస్‌కీపింగ్ అమ్మ పేరు చెప్పాను. ఒకడు నవ్వాడు. ఒకమ్మాయి "క్యూట్ ఐడియా" అంది. ఇంకొకరు వీపీ గారి క్యాలెండర్‌లో పదిహేను నిమిషాలు దొరికాయన్నారు. మరోసారి అనడానికి నోరు తెరిచాను, ఎదురుగా మా మేనేజర్ ఉన్నాడు. మూసుకున్నాను. వీపీ గారు రిబ్బన్ విప్పి, తెలుగు చదవడం రాదని నవ్వి, ఫొటో దిగి వెళ్ళిపోయారు. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను, చప్పట్లు కొడుతూ.

చెరబండరాజు 21 ఏళ్ళకి పెట్టింది ఉద్యోగం, బతుకు. నేను పెట్టలేకపోయింది ఒక్క మీటింగ్‌లో రెండో వాక్యం. ఈఎంఐ ఉందని సర్దిచెప్పుకోవచ్చు. అప్పటికి ఈఎంఐ కూడా లేదు.

సాయంత్రం ఫ్లోర్ ఖాళీ అయ్యాక మిగిలిన కాపీ ఒకటి తీసుకెళ్ళి ఆమెకిచ్చాను. "ఏంది సార్ ఇది" అంది. మనవాళ్ళం రాశాం అమ్మా, మీరు తీసుకోండి అన్నాను. చెయ్యి చీరకొంగుకి తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో పేజీ తిప్పుతూ చివరిదాకా చూసింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"మంచిగున్నది సార్. బొమ్మలు లేవా ఇండ్ల?" అంది.