బావి తవ్వినవాడా, తోసినవాడా?



2012 మే నెలలో మన ముల్క్‌లో చాలామందికి ఒక అజీబ్ అనుభవం ఎదురైంది. ఇంటర్నెట్‌లో విమియో తెరుచుకోలేదు. డైలీమోషన్ తెరుచుకోలేదు. చోరీ సినిమాలకు పేరుమోసిన పైరేట్ బే మూతపడిందంటే అర్థం ఉంది. కానీ సొంత మెహనత్‌తో చిన్న చిన్న సినిమాలు తీసి విమియోలో పెట్టుకున్నవాళ్లు ఏం ఖతా చేశారు? వాళ్ల మాల్ కూడా అదే తాళం వెనక చిక్కుకుంది.

దీని వెనక రెండు సినిమాలున్నాయి. ఒకటి తమిళ ‘3’. దునియా మొత్తం యూట్యూబ్‌లో ముఫ్త్‌గా విని పాడుకున్న ‘కొలవెరి’ పాట దాంట్లోదే. రెండోది మన తెలుగు ‘దమ్ము’. ఇంటర్నెట్‌లో దొంగ కాపీలు తిరగకుండా ఆపాలని మద్రాసు హైకోర్టు నుంచి హుకుం తెచ్చుకున్నారు. దొంగ ఎవరో తెలియదు కాబట్టి మన కోర్టులు ఇలాంటి కేసుల్లో ‘అశోక్ కుమార్’ అని ఒక ఫర్జీ పేరు రాస్తాయి. అంగ్రేజీ ఖానూన్‌లో ‘జాన్ డో’ అంటారే, అదే. అశోక్ కుమార్ ఇల్లు ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్ కంపెనీల దఫ్తర్లు ఎక్కడున్నాయో మాత్రం అందరికీ తెలుసు. కాబట్టి బోజ్ వాటి మీద పడింది. కొన్ని కంపెనీలు ఒక్కో పేజీ వెతికే తక్లీఫ్ లేకుండా సైట్లకు సైట్లే మూసేశాయి.

ఈ తరీఖా మన దగ్గర 2002లో మొదలైంది. ఆ ఏడాది ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌ను ఇజాజత్ లేకుండా చూపిస్తున్న కేబుల్‌వాలాల మీద ఢిల్లీ హైకోర్టు ఇలాంటి హుకుం ఇచ్చింది. అక్కడ దాంట్లో ఇన్సాఫ్ ఉంది. కేబుల్‌వాలా తన చేత్తో మ్యాచ్‌ను ఇళ్లకు పంపి పైసలు వసూలు చేసేవాడు. ఇంటర్నెట్ కంపెనీ అలా కాదు. అది రాస్తా మాత్రమే. ఆ రాస్తా మీద ఎవరు ఏం మోసుకుపోతున్నారో దానికి తెలియదు.

ఈ ఫర్క్ మన ఫుఖహాకు కొత్త కాదు. పని చేతులారా చేసినవాడిని ‘ముబాషిర్’ అంటారు. దానికి సబబ్ అయినవాడు ‘ముతసబ్బిబ్’. ఉస్మానియా సల్తనత్‌లో అహ్మద్ జౌదత్ పాషా సర్పరస్తీలో 1869 నుంచి 1876 దాకా హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా ‘మజల్లా’ అనే ఖానూన్ గ్రంథం తయారైంది. దాని 90వ దఫా ప్రకారం ఇద్దరూ ఉన్నప్పుడు జిమ్మేదారీ ముబాషిర్‌దే. అక్కడ ఇచ్చిన మిసాల్ చూడండి: దారిలో ఒకడు బావి తవ్వాడు, ఇంకొకడు వేరేవాడి పశువును తెచ్చి అందులో పడేశాడు. నష్టం కట్టాల్సింది పడేసినవాడు. 93వ దఫా మాట కూడా దీనికి తోడు: కావాలని చేస్తే తప్ప ముతసబ్బిబ్ మీద నష్టం వేయరాదు.

మన ముల్క్ 1957 కాపీరైట్ ఖానూన్‌లో కూడా ఇలాంటి ఉసూల్ ఉంది. ఫాయిదా కోసం చోటిచ్చినవాడికి అక్కడ చోరీ జరుగుతున్నట్టు తెలియకపోతే, అనుమానించే వజా కూడా లేకపోతే, అతను ముజ్రిమ్ కాడు.

2012 జూన్‌లో మద్రాసు హైకోర్టే తన హుకుంను సాఫ్ చేసింది. సైటు మొత్తం కాదు, దొంగ కాపీ ఉన్న ఆ ఒక్క చిరునామానే ఆపాలి. అది ఎక్కడుందో సినిమావాళ్లే చెప్పాలి. చెప్పిన 48 గంటల్లో కంపెనీ ఆపాలి. అదే నెల 21న కాపీరైట్ ఖానూన్‌కు చేసిన తర్మీమ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, సమాచారం తన గుండా పోతున్నంత మాత్రాన దారి ఇచ్చినవాడు ముజ్రిమ్ కాడు. లింకులిచ్చి, అందుబాటులో ఉంచే సైట్లకు హక్‌దార్ రాతపూర్వకంగా షికాయత్ చేస్తే 21 రోజులు ఆపాలి. ఆలోగా కోర్టు హుకుం రాకపోతే మళ్లీ తెరవొచ్చు.

తర్వాత సవాల్ రాస్తా దాటి సరాయి దాకా వచ్చింది. జనం పాటలు తెచ్చి పెట్టుకునే మైస్పేస్ సైటు మీద టీ-సిరీస్ పాటల కంపెనీ కేసు వేసింది. 2011లో ఢిల్లీ హైకోర్టు జడ్జి ఒకరు మైస్పేస్‌కు ఖిలాఫ్‌గా చెప్పారు. 2016 డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచ్ దాన్ని తిరగేసింది. ఎక్కడో చోరీ మాల్ ఉండొచ్చన్న మామూలు ఖయాల్ చాలదు, ఫలానా చోట ఫలానా పాట ఉందన్న ఇల్మ్ కావాలి అంది. ఇల్మ్ వచ్చాక కూడా చేతులు కట్టుకుని కూర్చుంటే అప్పుడు జిమ్మేదారీ మొదలవుతుంది.

అయితే చోరీ కోసమే కట్టిన సైట్ల సంగతేంటి? పశువులు పడాలనే తవ్విన బావి లాంటివి అవి. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు వాటిని వేరు చేసింది. అలాంటి సైటును మొత్తంగా మూయొచ్చంది. పేరు మార్చుకుని మళ్లీ పుడితే కొత్త కేసు లేకుండానే ఆ పేరును పాత హుకుంలో చేర్చొచ్చంది. కావాలని చేసినవాడికి మజల్లా కూడా మాఫీ ఇవ్వలేదు కదా.

ఇక మన ఇళ్ల మాట. కితాబు, పాట, సినిమా చేతికందే మాల్ కాదు కదా, దాని కాపీ చోరీ ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. బర్రె సగీర్ ఉలేమాలో కూడా దీని మీద ఇఖ్తిలాఫ్ నడిచింది. 1988 డిసెంబరులో కువైట్‌లో కూర్చున్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ సాఫ్‌గా చెప్పింది: రాసినవాడి హక్, ఈజాద్ చేసినవాడి హక్ షరీఅత్ దృష్టిలో నిజమైన హక్కులే, వాటి మీద జ్యాదతీ జాయిజ్ కాదు.

సినిమా చూడొచ్చా లేదా అన్నది వేరే బహస్. ఇక్కడ సవాల్ హుఖూఖుల్ ఇబాద్‌ది, మనుషుల పట్ల మనం తీర్చాల్సిన హక్కులది. ఇంటర్నెట్ కంపెనీ ముతసబ్బిబ్ అని కోర్టులు దానికి ఇన్సాఫ్ చేశాయి. కానీ మన పిల్లవాడు టెలిగ్రామ్‌లో కొత్త సినిమానో, ఎవరో ఏళ్లు కష్టపడి రాసిన కితాబు పీడీఎఫ్‌నో దింపి ఖాందాన్ గ్రూపుకు పంపినప్పుడు అక్కడ ముబాషిర్ ఎవరు? బటన్ నొక్కిన వేలు కంపెనీది కాదు. అది దొంగ కాపీ అన్న ఇల్మ్ కూడా మనకుంది.

అల్లాహ్ మనందరికీ ఒకరి హక్ ఒకరు అదా చేసే తౌఫీఖ్ ఇవ్వాలి. ఆమీన్.