తృటిలో తప్పితే ఎవరికి చెప్పాలి? డ్రోన్ రిపోర్టుల వెనక కథ

డ్రోన్ ఎగరేస్తుంటే దేనికో తగలబోయి తృటిలో తప్పింది అనుకోండి. "ఏం కాలేదుగా, వదిలెయ్" అంటాం. ఆ ఒక్క మాట ఎంత ఖరీదైనదో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. మన చేతుల్లోకి డ్రోన్లు రావడానికి చాలా ముందు మొదలైన కథ ఇది.

1974 డిసెంబర్ 1. అమెరికాలో టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరున్న డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగడానికి వస్తోంది. కంట్రోలర్ క్లియరెన్స్ ఇచ్చాడు. ఇక 1,800 అడుగులకి దిగొచ్చు అనుకున్నారు పైలట్లు. కానీ దారిలో కొండ ఉంది. వర్జీనియాలోని మౌంట్ వెదర్‌ని విమానం గుద్దుకుంది. 92 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అసలు బాధ ఏంటంటే, సుమారు ఆరు వారాల ముందే ఒక యునైటెడ్ విమానం అదే కొండకి తగలబోయి తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లని హెచ్చరించింది. ఆ కబురు మాత్రం టీడబ్ల్యూఏ దాకా చేరలేదు. అందరికీ చేరవేసే దారే అప్పట్లో లేదు మరి.

1975లో అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ ఒక రిపోర్టింగ్ పద్ధతి పెట్టింది. కానీ శిక్ష వేసే ఆఫీసుకే వెళ్లి మన పొరపాటు ఎవరు చెప్పుకుంటారు? అందుకే 1976లో ఆ పని నాసాకి అప్పగించారు. నాసా ఎవరి లైసెన్సూ రద్దు చేయలేదు. రిపోర్టులో పేర్లు తీసేసి, పాఠం మాత్రం అందరికీ పంచుతుంది. కావాలని చేసింది కాకపోతే, నేరమో ప్రమాదమో కాకపోతే, 10 రోజుల్లోపు రిపోర్టు పంపినవాళ్లకి సాధారణంగా పెనాల్టీ నుంచి రక్షణ కూడా ఉంటుంది. ఇప్పుడు డ్రోన్ నడిపేవాళ్లూ అక్కడికి రిపోర్టు పంపొచ్చు.

డ్రోన్లకి ఇదంతా ఎందుకు అంటారా? 2017 సెప్టెంబర్ 21న న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలాండ్ దగ్గర ఒక ఫాంటమ్ 4 డ్రోన్ ఆర్మీ బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ని గుద్దింది. హెలికాప్టర్ క్షేమంగానే దిగింది. డ్రోన్ యజమాని రెండున్నర మైళ్ల దూరంలో ఉన్నాడు, తన డ్రోన్ దేన్ని గుద్దిందో కూడా అతనికి తెలీదు. హెలికాప్టర్‌లో ఇరుక్కున్న ముక్క మీది సీరియల్ నంబర్ పట్టుకుని దర్యాప్తు అధికారులు వెతుక్కుంటూ వచ్చాకే తెలిసింది!

మన దేశానికి వద్దాం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ప్రమాదం జరిగితే రిమోట్ పైలట్ 48 గంటల్లోపు డిజిటల్ స్కై ద్వారా డీజీసీఏకి చెప్పాలి. రూల్స్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉండొచ్చు. అంటే రిపోర్టు వెళ్లేది నియంత్రించే ఆఫీసుకే. 1975 నాటి చిక్కు మళ్లీ మన ముందుకొచ్చింది! పెళ్లి షూట్లలో, పొలంలో మందు కొట్టే పనిలో ఎందరో మనవాళ్లు డ్రోన్లు నడుపుతున్నారు. భయం లేకుండా "ఇలా జరిగింది" అని చెప్పే చోటు వాళ్లకి గట్టిగా ఉండాలని నా అభిప్రాయం.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రమాదమైతే రిపోర్టు తప్పనిసరి. తృటిలో తప్పినా సరే తేదీ, టైమ్, చోటు, ఎత్తు, గాలి ఎలా ఉంది అన్నీ ఫోన్‌లో రాసుకోండి, ఫ్లైట్ లాగ్ దాచండి, తోటి పైలట్లకి చెప్పండి. ఆ ఆరు వారాల్లో అందాల్సిన కబురు అందకే 92 ప్రాణాలు పోయాయి.