కలకత్తాకు కాపురం వెళ్ళిన ఆటగాళ్ళు

మా బాబాయికి కలకత్తా అంటే గిట్టదు. అలాగని రసగుల్లాలు తినరా అంటే తింటారు. శరత్ నవలలు చదువుతారు, పిన్నికి బెంగాలు నేత చీరె కొంటారు. ఫుట్‌బాల్ మాట వచ్చిందంటే మాత్రం ముఖం చిట్లించుకుంటారు. "మనం పెంచి పెద్ద చేశాం. తీరా చేతికంది వచ్చాక వాళ్ళు ఎగరేసుకుపోయారు. మన జట్టు చచ్చిందంటే అందుకే!" అని ఆయన వాదన.

నాకా, బంతిని చేత్తో ముట్టుకోకూడదన్నంత వరకే తెలుసు. అయినా ఇన్నేళ్ళుగా ఒకటే ఫిర్యాదు వింటూంటే, ఇందులో నిజమెంతో చూద్దామనిపించింది. తీరా పాత సంగతులు తిరగేస్తే అచ్చం మన ఇళ్ళ కథలాగే ఉందండీ.

1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టే. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చుకుంది. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ కలకత్తా మోహన్ బగాన్!

ఇదంతా ఒక బడిపంతులు చలవ. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. పిల్లలకి ఆయన పెట్టిన పోటీలు వింటే నవ్వొస్తుంది. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో బంతిని తన దగ్గరే తిప్పుకుంటూ కూర్చోకుండా చప్పున పక్కవాడికి అందించాలి. కొత్తకోడల్ని ఎడంచేత్తో గరిటె తిప్పమన్నట్టు లేదూ? కానీ ఆ చాదస్తమే పనిచేసింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక కలకత్తా సంగతి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అక్కడి మూడు పెద్దిళ్ళు. మైదానం నిండా జనం, పత్రికల్లో ఫొటోలు, బసా భోజనమూ, పైగా ఉద్యోగం ఆశ. ఏటా ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళు జట్టు మారడానికి సంతకాలు పెట్టే రోజులుండేవి. ఎదుటివాళ్ళు తన్నుకుపోకుండా ఆటగాళ్ళని రహస్యంగా దాచేవారట. ముహూర్తందాకా పెళ్ళికొడుకుని విడిదింట్లో పెట్టి గడియ వేసినట్టన్నమాట!

అలా వెళ్ళినవాడే తులసీదాస్ బలరాం. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తమిళుల పిల్లవాడు. పారేసిన పోలీసు బూట్లని ఆట బూట్లుగా కుట్టించుకున్నాడని చెబుతారు. అంత లేమి. రహీం సాబ్ చేరదీసి తీర్చిదిద్దారు. 1957లో ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది.

మరి హైదరాబాదు కుప్పకూలిందా? లేదు. రాష్ట్రాల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, బలరాం వెళ్ళిపోయాక 1957-58లోనూ మనమే గెలిచాం. 1957 డ్యూరాండ్ ఫైనల్లో మన పోలీసులు ఓడించింది అదే ఈస్ట్ బెంగాల్‌ని! 1961లో ఆంధ్రా పోలీసులు మోహన్ బగాన్ మీద గెలిచి మళ్ళీ ఆ కప్పు తెచ్చారు. ఒక కొమ్మ విరుచుకుపోతే ఇంకో కొమ్మ వేసింది చెట్టు.

నష్టం లేదనను. 1958-59లో బెంగాల్ సంతోష్ ట్రోఫీ గెలిస్తే ఆ జట్టులో మన బలరాం ఉన్నాడు. మనింట్లో దిద్దించిన అక్షరాలతో పొరుగింటి పద్దులు రాసినట్టే కదా!

1963 జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌నే ఓడించి సంతోష్ ట్రోఫీ పట్టుకొచ్చింది. ఆ సంబరం ఆరకముందే, 1966లో, మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయారు. హబీబ్‌కి నిండా ఇరవయ్యేళ్ళు లేవు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకి నయీమే నాయకుడు. 1977లో పెలే తన కాస్మాస్ జట్టుతో కలకత్తా వస్తే, మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచింది. అందులో ఒక గోలు కొట్టింది హబీబే. ఆ చప్పట్లన్నీ కలకత్తావి. ఇక్కడ మాత్రం ఈసారి చెట్టు చిగురించలేదు. 1966 తరవాత ఆ ట్రోఫీ మళ్ళీ మన గడప తొక్కలేదు.

తేడా ఎక్కడుందో గమనించారా? 1957లోనూ తీసుకుపోయారు, 1966లోనూ తీసుకుపోయారు. మొదటిసారి వెనక పెంచే చెయ్యి ఉంది. రెండోసారి లేదు. ఇచ్చిన పిల్లకోసం ఏడవడం సరే, తరవాతి పిల్లలకి జడ వేసేదెవరు?

అలాగని కలకత్తాకి పూర్తిగా మార్కులు వెయ్యను. పెంచిన ఇంటికి అప్పట్లో పసుపుకుంకాల పాటి సొమ్మయినా ముట్టే ఏర్పాటు లేదు. కుర్రవాడిని పెంచిన జట్టుకి, తీసుకున్న జట్టు శిక్షణ ఖర్చులివ్వాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ 2001లో నియమం పెట్టింది. అది ఆనాడుంటే మన మైదానాల్లో నాలుగు బంతులైనా మిగిలేవి. వెళ్ళిన పిల్లల్ని తప్పుపట్టడం మాత్రం అన్యాయం. ఆకలి తెలిసిన కుర్రాళ్ళు అన్నం, పేరు రెండూ దొరికేచోటికి వెళ్ళారు. బలరాం చివరిదాకా బెంగాల్లోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో పోయారు. అదే ఏడు ఆగస్టు 15న హబీబ్ సొంతూరు హైదరాబాదులో పోయారు.

2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. కేరళ మీద 1-0తో గెలిచి బెంగాల్ ముప్పైమూడోసారి కప్పెత్తుకుంది. బాబాయి ఆ రాత్రి తిట్లు లంకించుకుంటారనుకున్నాను. ఊహూఁ. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమే, ఈమధ్య కలకత్తా వాళ్ళు మన పిల్లల్ని ఎత్తుకుపోవడానికైనా రావడం లేదెందుకే?" అన్నారు.