భరణం

సంస్కృతంలో ‘భృ’ ధాతువుకు మోయడం, పోషించడం అని అర్థం. భరణం దాని నుంచే వచ్చింది. భర్త అంటే పోషించేవాడు, భార్య అంటే పోషించదగినది. భారం, భృత్యుడు కూడా ఆ ఇంటివే. భరణానికే మన కోర్టుల దగ్గర మనోవర్తి అనే మాట ఇంకా వినిపిస్తుంది. ప్లీడర్లు మెయింటెనెన్స్ అంటారు.

విడాకులైతే భార్య అన్న పేరు పోతుంది కదా, మరి పోషణ ఎందుకు? ఈ వాదన ఎందరో ఆడవాళ్ల నోరు నొక్కింది. చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జులై నుంచి దాని చోట వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, రెండూ విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీని కూడా ‘భార్య’గానే లెక్కిస్తాయి. ధాతువులోని అర్థాన్ని చట్టం వదల్లేదని నాకు సంతోషం. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2024లో ముస్లిం స్త్రీలకూ ఈ హక్కు ఉందని మళ్లీ తేల్చింది.

2001 దాకా పాత 125వ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలే గరిష్ఠం. అది పోషణ కాదు, అవమానం. ఇప్పుడు ఆ పరిమితి లేదు. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పాలని, అర్జీ పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి పెద్దమనుషుల మాటల కోసం నెలలు పోగొట్టుకోకండి; ముందు అర్జీ పెట్టండి.