మోటారుకారు చెప్పు సంకేతములు

కారు నడుచుచుండగా చోదకుని యెదుట ఇంజను ఆకారము గల చిన్న దీపము ఒక్కొక్కప్పుడు వెలుగును. అప్పుడు ఇంజనును నియంత్రించు కంప్యూటరు తన స్మృతిలో ఒక సంకేతసంఖ్యను నమోదు చేసికొనును. ఈ ఏర్పాటు మెకానిక్కుల సౌకర్యమునకై పుట్టినదని తోచవచ్చును. కాని దీని చరిత్ర లాస్ ఏంజిలీస్ నగరపు గాలిలో ఆరంభమైనది.

1943లో ఆ నగరమును కన్నులు మండించు పొగమంచు కప్పివేసినది. కార్లనుండి, చమురు కర్మాగారములనుండి వెలువడు హైడ్రోకార్బనులు నైట్రోజన్ ఆక్సైడులతో కలిసి, సూర్యకాంతిలో ఓజోను మొదలగు ఘాటైన పదార్థములుగా మారునని 1950 తరువాతి సంవత్సరములలో రసాయన శాస్త్రజ్ఞుడు హాగెన్-స్మిట్ నిరూపించెను. 1970లో అమెరికా ప్రభుత్వము స్వచ్ఛవాయు చట్టమును కఠినతరము చేసినది. 1975 నమూనా కార్లలో పొగను శుద్ధిచేయు ఉత్ప్రేరక పాత్రలు అమర్చబడినవి.

తరువాత వచ్చిన మెరుగైన ఉత్ప్రేరకములు చక్కగా పనిచేయవలెనన్న, ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ళ గాలి చొప్పున తూకము తప్పక అందవలెను. పాత కార్బ్యురేటరుకు ఇంతటి నిక్కచ్చితనము లేదు. కావున పొగగొట్టములో ఆక్సిజనును పసిగట్టు సెన్సారు 1976లో వోల్వో కార్లలో ప్రవేశించినది. ఆ సెన్సారు చెప్పినదానినిబట్టి ఇంధనమును సవరించుటకు కంప్యూటరు అవసరమైనది.

కాని సెన్సారే చెడినచో? కారు ఎప్పటివలె నడచుచునే, చెడు పొగను వదలుచుండవచ్చును, యజమానికి తెలియదు. అందుచేత యంత్రము తన లోపమును తానే బయటపెట్టవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 నమూనా కార్లనుండి విధించెను. అప్పటి కొన్ని కార్లలో రెండు తీగల కొనలను కలిపినచో దీపము మిణుకుమనెడిది. ఒకమారు వెలిగి, ఆగి, రెండుమార్లు వెలిగిన ‘12’ అని లెక్క. అయితే ఒక కంపెనీ భాష మరియొక కంపెనీకి చెల్లదు. 1996 నమూనానుండి అమెరికాలోని కొత్త కార్లన్నిటికి 16 పిన్నుల సాకెట్టు, ఉమ్మడి సంకేతములు తప్పనిసరియైనవి. దానితో కంపెనీ గుట్టు కొంత వీడి, చిన్న షెడ్డులోని మెకానిక్కుకు సైతము కారు మాట వినబడసాగినది. భారతదేశమున ఈ పద్ధతి రెండవ దశ 2013లో అమలులోనికి వచ్చినది.

‘పి 0171’ అను సంకేతమును పరిశీలింతము. ‘పి’ యనగా ఇంజను, గేరు విభాగము. ‘0’ అన్ని కంపెనీలకు ఉమ్మడియని గుర్తు. ‘1’ ఇంధనము, గాలి కొలతకు సంబంధించినది. మొత్తము మీద, ఒక వరుస సిలిండర్లలో గాలి హెచ్చు, పెట్రోలు తక్కువ అని భావము. ఇది చూచి తొందరపడినవాడు ఆక్సిజను సెన్సారును మార్చును. డబ్బు పోవును, నాలుగు దినములలో దీపము మరల వెలుగును. ఏలయన సెన్సారు నిజమే చెప్పినది! గాలి గొట్టము పగిలి యుండవచ్చును. గాలిని కొలచు సాధనముపై దుమ్ము చేరి యుండవచ్చును. పెట్రోలు పంపు బలహీనపడి యుండవచ్చును.

వివేకవంతుడు సంకేతముతో పాటు, అది పడిన క్షణమున కంప్యూటరు నమోదు చేసిన వేగమును, వేడిని, ఇంధన సవరణను చూచును. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు లోపము హెచ్చి, వేగముతో తగ్గినచో, గాలి ఎక్కడనో దొంగతనముగా చొరబడుచున్నదని శంకించును. బరువు లాగునప్పుడు లోపము హెచ్చినచో పంపు ఒత్తిడిని కొలిచి చూచును. 102 డిగ్రీల జ్వరమున్నదని థర్మామీటరు చెప్పును గాని, అది మలేరియాయో టైఫాయిడో చెప్పదు గదా!

సంకేతమును చెరిపివేసిన దీపము ఆరును. కారణము మాత్రము నిలిచియుండును. దాని ఫలమును యజమాని ఖర్చు రూపమున, ఊరివారు గాలి రూపమున అనుభవింతురు.