డిఫెన్స్ న్యాయవాది (తెనాలి, బాపట్ల, రేపల్లె)

క్రిమినల్, ట్రాఫిక్ కేసుల్లో ముద్దాయి తరఫున వకాలతు వేసి వాదించే ప్లీడరు. లా డిగ్రీ, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, అఖిల భారత బార్ పరీక్ష అర్హతలు. సీనియర్ దగ్గర వాయిదాలు చూసుకుంటూ పని నేర్చుకోవడం ఆనవాయితీ.

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి రేపల్లె చేరింది. 216వ జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల మీదుగా పోతుంది. కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, చీకట్లో రిఫ్లెక్టర్లు లేని ట్రాక్టర్లు తిరుగుతాయి. ఇక్కడి ప్రమాద కేసులను ఈ రోడ్లను చూడకుండా వాదించలేం.

నిర్లక్ష్యంతో మరణం కలిగిస్తే పాత శిక్షాస్మృతి 304-ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని అయిదేళ్లకు పెంచింది. మద్యం తాగి బండి నడిపిన కేసుకు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటడం కొలమానం, మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు లేదా రూ. 10,000 జరిమానా, లేదా రెండూ.

బెయిలు వచ్చాక అసలు పని మొదలవుతుంది. పోలీసుల రఫ్ స్కెచ్‌లో బండి రోడ్డుకు ఏ పక్కన ఉంది, బ్రేకుల గురించి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఏం రాశారు, సాక్షి నిజంగా చూశాడా, చప్పుడు విని వచ్చాడా అన్నవి క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలాలి. త్వరగా వదిలిపోతుందని నేరం ఒప్పుకోమనడం మంచి వకీలు లక్షణం కాదు. ఆ ఒప్పుకోలు నష్టపరిహారం కేసులోనూ ఎదురు తిరగవచ్చు.

ఫీజు ఇచ్చుకోలేనివారు మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.