సామాజిక తనిఖీ (ఉపాధి హామీ పథకం)

సామాజిక తనిఖీ అనగా ప్రజల పేరున ప్రభుత్వం చేసిన ఖర్చును, ఆ ప్రజలనే అడిగి సరిచూసే పద్ధతి. సాధారణ ఆడిట్‌లో ఒక కాగితాన్ని మరొక కాగితంతో పోల్చి చూస్తారు. సామాజిక తనిఖీలో కాగితాన్ని మనిషి ముందు చదివి వినిపించి, "ఇది నిజమేనా?" అని అడుగుతారు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకంలో భాగంగా 2006 నుండి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది క్రమబద్ధంగా అమలయింది. ఈ పథకం మొదటి విడతలో ప్రారంభమైన జిల్లాలలో ఉత్తర తెలంగాణకు చెందిన కరీంనగర్, ఆదిలాబాదు కూడా ఉన్నాయి. ఈ ప్రాంతపు పల్లెలలో ఉపాధి హామీ పనిని "కరువు పని" అనే పాత పేరుతోనే పిలవడం పరిపాటి.

చరిత్ర

ఈ పద్ధతికి మూలం రాజస్థాన్‌లో ఉన్నది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ 1994లో గ్రామస్థుల ఎదుట పనుల లెక్కలను, కూలీల జాబితాలను చదివించి "జన్ సున్వాయి" పేరుతో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. పని చేయనివారి పేర్లు, కట్టని గోడల ఖర్చులు ఆ సభలలో బయటపడ్డాయి. సమాచార హక్కు చట్టం (2005) కొరకు జరిగిన ఉద్యమానికి ఈ సభలే పునాది.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ క్రమం తప్పకుండా సామాజిక తనిఖీ జరపాలని నిర్దేశించింది. పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమయింది. మొదటి విడతలో రాష్ట్రంలోని 13 జిల్లాలను ఎంపిక చేశారు. అదే సంవత్సరం రాజస్థాన్ సంస్థ సహకారంతో తనిఖీదారులకు శిక్షణ మొదలయింది. తనిఖీ చేసేవారు పని చేయించే అధికారుల చేతి కింద ఉండరాదనే ఉద్దేశంతో 2009లో "సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకత సంస్థ" అనే ప్రత్యేక సొసైటీని ఏర్పరచారు. పథకం నిధులలో 0.5 శాతాన్ని దీనికి కేటాయించారు. ఈ చిన్న ఏర్పాటు వలన తనిఖీ బృందం తన దారి ఖర్చులకు తాను తనిఖీ చేయవలసిన మండల కార్యాలయాన్నే ఆశ్రయించే దుస్థితి తప్పింది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఆరు నెలలకు ఒకసారి తనిఖీ జరగాలని దేశమంతటికీ నియమాలు చేసింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది.

తనిఖీ జరిగే తీరు

తనిఖీకి ముందుగా మండలంలోని మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపు పత్రాల ప్రతులను తనిఖీ సంస్థ తీసుకునేది. కూలి కుటుంబాలకు చెందిన చదువుకున్న యువతీయువకులను గ్రామ తనిఖీదారులుగా ఎంపిక చేసి, కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాక మరొక ఊరికి పంపేవారు. వీరు ఆ ఊరిలోనే బస చేయాలి, అధికారుల నుండి గాని, సర్పంచి నుండి గాని భోజనం, వాహనం స్వీకరించరాదు. ఈ నియమం పైకి చిన్నదిగా కనిపించినా, ఎవరి ఇంటి భోజనం తిన్నారో ఊరంతా గమనిస్తుంది గనుక తనిఖీదారు మాటకు విలువ దీనితోనే వస్తుంది.

తరువాత ఇంటింటికీ వెళ్ళి జాబ్ కార్డును మస్టరుతో పోల్చేవారు. ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ముట్టింది, ఎన్నాళ్ళకు ముట్టింది, పాస్ పుస్తకం ఎవరి దగ్గర ఉన్నది అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మిగిలిన వాటికన్నా ఎక్కువ చెబుతుంది. చెరువు పూడికతీత, ఊటకుంట, పొలం బాట వంటి పనుల వద్దకు వెళ్ళి టేపుతో కొలతలు తిరిగి తీసేవారు. కూలీలు చెప్పినది వ్రాసి, చదివి వినిపించి, సంతకం లేదా వేలిముద్ర తీసుకునేవారు. ఊరిలో గ్రామసభ అయిన తరువాత మండల కేంద్రంలో "ప్రజావేదిక" జరిగేది. అక్కడ జిల్లా అధికారి ఎదుట ఒక్కొక్క ఊరి నివేదికను చదివేవారు. ఫీల్డు అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, పోస్టుమాస్టరు అందరి ముందు జవాబు చెప్పవలసి వచ్చేది. తప్పు తేలితే సొమ్ము రికవరీకి, సిబ్బందిపై చర్యకు అక్కడే నిర్ణయం వ్రాసేవారు.

ఆదిలాబాదు, కరీంనగర్ ప్రాంతాల పరిస్థితి

ఆదిలాబాదు జిల్లా ఏజెన్సీ గ్రామాలలో గోండులు, కొలాములు, ప్రధానులు, తోటీలు నివసిస్తారు. గోండి, కొలామీ మాతృభాషలుగా గల ఇళ్ళలో తెలుగు మస్టరును చదివి వినిపించినంత మాత్రాన తనిఖీ పూర్తయినట్లు కాదు. అడిగేవారికి ఆ భాష రాకపోతే అనువాదానికి ఊరి పెద్దనో, ఫీల్డు అసిస్టెంటునో పిలవవలసి వస్తుంది. ఎవరి మీద చెప్పుకోవాలో అతని నోటి గుండానే చెప్పుకోవలసి రావడం ఇందులోని చిక్కు.

కరీంనగర్ జిల్లాలో చిక్కు వేరు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు, భీవండి వంటి పట్టణాలకు వలసలు ఎక్కువ. ఊరిలో లేని మనిషి పేరు మస్టరులో ఉన్నదా అన్నది కార్యాలయంలో కూర్చుని తేల్చలేరు. ఆ ఇంటి తలుపు తట్టితే ఒక్క నిమిషంలో తేలుతుంది. 2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలను విభజించినప్పుడు జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కొమరం భీం ఆసిఫాబాద్ వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి.

స్మార్టు కార్డులు: ఎవరి మాట వినాలి?

వేలిముద్ర సరిచూసి ఊరిలోనే కూలి డబ్బు, పింఛను చెల్లించే స్మార్టు కార్డుల పద్ధతిని 2010-12 మధ్య ఆదిలాబాదుతో సహా ఎనిమిది జిల్లాలలో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. కార్డులు ముందుగా వచ్చిన మండలాలలో కూలి డబ్బు అందుకోవడానికి పట్టే సమయం సుమారు 20 శాతం తగ్గింది, మధ్యలో కారిపోయే సొమ్ము 12.7 శాతం పాయింట్లు తగ్గింది. అయినప్పటికీ ఈ పద్ధతిని రద్దు చేసే ఆలోచన ప్రభుత్వంలో వచ్చింది. కారణం, పైవారికి చేరుతున్న ఫిర్యాదులలో అధిక భాగం దిగువ స్థాయి సిబ్బంది నుండి వచ్చినవే. కూలీలను, పింఛనుదారులను నేరుగా అడిగినప్పుడు అత్యధికులు కొత్త పద్ధతినే కోరుకున్నారు. రద్దు ఆగడానికి ఈ సమాధానాలు కూడా ఒక కారణమని పరిశోధకులు వ్రాశారు. లబ్ధిదారు తనంతట తాను హైదరాబాదు వచ్చి "బాగున్నది" అని చెప్పడు, అడిగితేనే చెబుతాడు.

రైతుబంధు ఫోను పిలుపులు

రైతుబంధు పథకం 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో ప్రారంభమయింది. అప్పుడు చెక్కుల పంపిణీ సమయంలో మరొక ప్రయోగం జరిగింది. కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు "మీ రైతులకు ఫోను చేసి చెక్కు అందినదా అని అడుగుతారు" అని ముందుగా తెలియజేశారు. చేసినది అంతే. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాలలో 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి డాలరుకు అయిన ఖర్చు 3.6 సెంట్లు మాత్రమే. పథకం పరిధిలోని రైతులు 57 లక్షలు గనుక చిన్న శాతమైనా సంఖ్య పెద్దదే. ఇంటింటికీ తిరిగే తనిఖీకి ఇది ప్రత్యామ్నాయం కాదు. ఫోను లేని కొలాం గూడేనికి ఈ పిలుపు చేరదు.

పరిమితులు

ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఐవర్సన్ 2006-10 మధ్య ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాలలో, 300 గ్రామ పంచాయతీల తనిఖీ నివేదికలను పరిశీలించారు. తనిఖీలు పదే పదే జరిగినా మొత్తం అక్రమాలు తగ్గలేదని తేలింది. కూలి ఎగవేత వంటి, కూలీ సులభంగా గుర్తించగల తప్పులు తగ్గగా, సామగ్రి బిల్లులలోని తప్పులు పెరిగాయి. సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చాయో కూలికి తెలియదు. ప్రజావేదికలో నిర్ణయించిన రికవరీలు, శిక్షలు పూర్తిగా అమలు కాకపోవడం ఈ పద్ధతిపై వచ్చిన ముఖ్యమైన విమర్శ. దీనికి విరుగుడుగా ఉమ్మడి రాష్ట్రం 2012లో ప్రత్యేక చట్టం చేసింది.

కాలవ్యవధి మరొక లోపం. పాశ్చాత్య దేశాలలో కౌన్సెలింగు, సామాజిక సేవ రంగాలలో ప్రతి సమావేశం చివర నాలుగు చిన్న ప్రశ్నలు అడిగి, ఆ జవాబును అదే కార్యకర్త అప్పుడే చూసి తన తీరును మార్చుకునే పద్ధతి వాడుకలో ఉన్నది. సామాజిక తనిఖీలో మాత్రం వేసవిలో చేసిన పనికి కూలి రాలేదన్న మాట ప్రజావేదికకు చేరేసరికి పంట కోతలు రావచ్చు. ఆ లోపల కూలీ వడ్డీకి అప్పు తెచ్చి ఉంటాడు. ఆ వడ్డీ ఏ రికవరీ పట్టికలోనూ చేరదు.

2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో మరొక చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.